పద్నాలుగో నంబరు సిస్టమ్

కాగితం మీద నాలుగే వాక్యాలున్నాయి. ఆమె వాటిని రెండుసార్లు చదివింది. శనివారం కొత్త బొమ్మలు ఎక్కిస్తూ పొరపాటున పాతవాటిని చెరిపేశాననీ, బాధ్యత తనదేననీ, ఇకపై జాగ్రత్తగా ఉంటాననీ, మన్నించమనీ. కింద ఒక గీత. గీత కింద ఆమె పేరు అప్పుడే అచ్చువేసి ఉంది.

"ఇక్కడొక సంతకం పెట్టేయండమ్మా," అన్నాడు మేనేజరు, పెన్ను మూత తీసి మరీ అందిస్తూ. "నాలుగింటికి ఆస్పత్రి మేడం వస్తున్నారు. ఆవిడ చేతిలో ఏదో ఒక కాగితం పెట్టాలి కదా."

"నేను చెరపలేదు సార్."

"చెరిపారని ఎవరన్నారు? పొరపాటున అని రాశాంగా."

"పొరపాటున కూడా చెరపలేదు."

మేనేజరు చెడ్డవాడు కాదు. గొడవంటే గిట్టనివాడు. ఎక్కడైనా మంట కనిపిస్తే దగ్గర్లో ఉన్నవాళ్ళ దుప్పటి లాగి కప్పేసే రకం. "మీ ఉద్యోగానికేం ఢోకా లేదు," అన్నాడు గొంతు తగ్గించి. "ఫైళ్ళ పని కొన్నాళ్ళు ఇంకొకళ్ళు చూస్తారు. మీరు ఫోన్లు చూసుకోండి. అంతే."

"సంతకం పెట్టకపోతే?"

"పెట్టకపోవడమేంటి?" అని, "అప్పుడు మీకు ఇక్కడ ఏం పని ఇవ్వాలో ఆలోచించుకోవాలి," అన్నాడు.

ఆమె పెన్నుకి మూత పెట్టి బల్ల మీద పడుకోబెట్టింది. కాగితం మాత్రం తీసుకుంది. "నాలుగింటికి కదా. ఇప్పుడు పదిన్నరే అయింది."

ఆ ఆఫీసులో పన్నెండు మంది. మెట్లెక్కగానే ఒక పొడుగాటి గది, దాని చివర మేనేజరు అద్దాల గది, పక్కన పాత సామాను పడేసే చిన్న కొట్టు. ఏడాదిగా వాళ్ళు చేస్తున్నది ఒక ఆస్పత్రికి వెబ్ యాప్. ఆపరేషన్ చేయించుకుని ఇంటికెళ్ళిన రోగులు ఫోన్లో దాన్ని తెరిస్తే, మోకాలు ఎలా వంచాలి, భుజం ఎంత ఎత్తాలి, రోజుకెన్నిసార్లు అన్నది బొమ్మలతో సహా కనిపించాలి. బొమ్మలు రెండువేల మూడువందల పదహారు. వాటిని ఆస్పత్రి కాగితాల నుంచి ఒక్కొక్కటే స్కాన్ చేసి, కుడి ఎడమలు సరిచూసి, నంబర్లు వేసి, సర్వర్లో ఎక్కించింది ఆమే. యాప్ మొదలై తొమ్మిది రోజులైంది. ముందుగా ముప్పైమంది రోగులకే ఇచ్చారు. ఈ సోమవారం పొద్దున ఆఫీసులో ఎవరు తెరిచినా బొమ్మ ఉండాల్సిన చోట చినిగిన కాగితం గుర్తే కనిపిస్తోంది. శనివారం ఆమె మణికట్టు వ్యాయామాలవి నలభై కొత్త బొమ్మలు ఎక్కించింది. ఇంకేం కావాలి? అందరి కళ్ళూ అటే తిరిగాయి.

ఇక్కడికి రాకముందు ఆమె అదే ఆస్పత్రిలో పంతొమ్మిదేళ్ళు రికార్డు గదిలో పనిచేసింది. ఎక్స్‌రే ఫిల్ములు, కేసు కాగితాలు. ఎవరైనా వచ్చి రోగి పేరు చెబితే, కుర్చీలోంచి లేవకముందే ఆమెకు బీరువా, అర, కట్ట గుర్తొచ్చేవి. ఫిల్ములన్నీ కంప్యూటర్లోకి పోయి ఆ గదికి తాళం పడ్డాక, నలభై నాలుగో ఏట సాయంత్రం క్లాసులకెళ్ళి కంప్యూటరు నేర్చుకుంది. క్లాసులో అందరికన్నా పెద్దది ఆమే, పాఠం చెప్పే అమ్మాయితో సహా. మూడేళ్ళ కిందట ఇక్కడ చేరింది.

చేరిన మొదటి వారంలోనే ఆఫీసులో ఉన్న ప్రతి సిస్టమ్ మీదా తెల్ల స్టిక్కరు అంటించింది. ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లో ఏ సిస్టమ్‌కి ఏ నంబరుందో ఆ నంబరు దాని మీద. ఒకటి, రెండు, మూడు... ముప్పైదాకా. ప్రింటర్లనీ, టెస్టింగ్ ఫోన్లనీ కూడా వదల్లేదు. ఎవరూ అంటించమనలేదు. పేరు లేని వస్తువు కంటపడితే ఆమెకు చెయ్యి ఊరుకోదు.

"మా నుదుటి మీద కూడా ఒకటి కొట్టేయండక్కా," అని నవ్వాడు పెద్ద డెవలపరు. ఆఫీసంతా అతన్ని గురువు అంటారు. ముప్పై నాలుగేళ్ళుంటాయి. పనిమంతుడు. ఆ సంగతి అందరికన్నా ముందు అతనికే తెలుసు. ఫోల్డరు అనడానికి ఆమె నోట బీరువా అని వచ్చిన రోజున అతనే ఆమెకు పేరు పెట్టాడు, బీరువక్క అని. పేరు అతుక్కుపోయింది. ఆమె పట్టించుకోలేదు. బీరువా అంటే ఆమెకు తిట్టు కాదు.

పట్టించుకున్నది ఇంకొకటుంది. రికార్డు గదిలో చేరిన రెండో ఏడు ఒక వెన్నెముక ఫిల్ము కనపడకుండా పోయింది. ఫిల్ము తీసుకెళ్ళిన సర్జను తిరిగిచ్చేశానన్నాడు. ఇవ్వలేదని ఈమె అంది. సర్జను మాటకీ గుమస్తా మాటకీ బరువు ఒకటి కాదు. అప్పుడూ ఇలాగే ఒక కాగితం, ఇలాగే మూత తీసిన పెన్ను. ఇరవై ఆరేళ్ళ పిల్ల, సంతకం పెట్టేసింది. రెండు నెలల తర్వాత ఆ ఫిల్ము సర్జను కారు వెనక సీటు కింద డ్రైవరుకి దొరికింది. తెచ్చి ఆమె చేతికే ఇచ్చాడు. ఆ క్షమాపణ కాగితం తీసేయమని సూపరింటెండెంటును అడిగితే, "దొరికిందిగా, ఇంకేంటి?" అన్నాడు. ఫిల్ము అరలోకి వెళ్ళింది. కాగితం ఆమె ఫైల్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు రెండోది.

ఆమె తన సీట్లో కూర్చుని ముందు సర్వర్ తెరిచింది. బీరువాలన్నీ వరసగా ఉన్నాయి. మెడ, భుజం, మోచెయ్యి, మణికట్టు, నడుము, మోకాలు, మడమ. ఒక్కొక్కటి తెరిచి లెక్క చూసింది. పాతవి రెండువేల మూడువందల పదహారు, కొత్తవి నలభై. ఒక్కటి తగ్గలేదు. గురువు దగ్గరికెళ్ళి చెప్పింది.

"ఉంటే కనిపించాలిగా అక్కా," అన్నాడతను తల తిప్పకుండా. అతని ముందున్న సిస్టమ్ కొత్తది. తెర మీది ప్లాస్టిక్ కాగితం ఇంకా ఒలవలేదు.

"ఉన్నాయి. వచ్చి చూడండి."

"మీరు మళ్ళీ ఎక్కించి ఉంటారు."

"రెండువేల బొమ్మలు పొద్దుట్నుంచి ఇప్పటిదాకానా? నాకేమన్నా పది చేతులున్నాయా?"

"పది చేతులా? ఆ జోకు నేను వేయాల్సింది," అని నవ్వి ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకున్నాడు.

ఆమె వెనక్కొచ్చి నోటు పుస్తకం తీసింది. రికార్డు గది అలవాటు అది. ఏ ఫిర్యాదు వచ్చినా తేదీ వేసి ఒక ముక్క రాసుకుంటుంది. పోయిన మంగళవారం దగ్గర ఆమె వేలు ఆగింది. "అత్తయ్య ఫోన్లో బొమ్మలు రాలేదు. ఆఫీసులో వస్తున్నాయి." కింద గురువారం. "అత్తయ్య ఫోను ఆఫీసుకు తెచ్చాను. వచ్చాయి. ఇంటికెళ్ళాక మళ్ళీ రాలేదు."

ఆ ముప్పైమంది రోగుల్లో ఆమె అత్తగారొకరు. మోకాలి ఆపరేషనై ఐదు వారాలైంది. యాప్ తెరిచిన రోజు నుంచీ ఇంట్లో ఒకటే సాధింపు. "ఏడాది పాటు బొమ్మలు బొమ్మలు అని కలవరించావు. ఏవమ్మా అవి? ఇక్కడ చినిగిన కాగితాలు తప్ప ఏం లేవు. కాలు ఎటు వంచాలో గాల్లో చూసి వంచమన్నారా మీ ఆఫీసువాళ్ళు?" ఫోను పాతది, అద్దం పగిలింది. దాని జబ్బేమోనని గురువారం ఆఫీసుకు పట్టుకొచ్చింది. ఆఫీసు వైఫై పెట్టగానే బొమ్మలన్నీ చక్కగా వచ్చేశాయి. గురువు పగలబడి నవ్వాడు. "ఫోను మంచిదేనక్కా. దానికి మీ ఇల్లే పడలేదు."

ఆ రోజు ఆమె కూడా నవ్వింది. ఇప్పుడు నవ్వు రాలేదు. తను కొత్త బొమ్మలు ఎక్కించింది శనివారం. అత్తగారికి బొమ్మలు రానిది అంతకు నాలుగు రోజుల ముందు. ఫోను ఒకటే, యాప్ ఒకటే. మారిందల్లా గోడలు. ఈ గోడల మధ్య వచ్చే బొమ్మ బయట ఎందుకు రాదు?

పక్క సీట్లో డిజైను చేసే పిల్ల ఉంటుంది. ఆఫీసులో అందరికన్నా చిన్నది, ఆమెను పిన్నీ అని పిలిచేది ఆ ఒక్కతే.

"ఇటు రావే. ఈ చినిగిన కాగితం బొమ్మ కోసం ఎక్కడికెళ్ళి వెతుక్కుంటోందో తెలుసుకోవచ్చా?"

"ఓ. దాని మీద రైట్ క్లిక్ కొట్టు పిన్నీ. ఇదిగో, అడ్రసు."

ఆమె కళ్ళజోడు సవరించుకుని చదివింది. మన సర్వర్ పేరు ఉండాల్సిన చోట పేరే లేదు. అంకెల గుంపులు నాలుగు, మధ్యలో చుక్కలు. మొదటి మూడు గుంపులూ ఆమెకు కంఠతా వచ్చు. ముప్పై స్టిక్కర్లు రాసిన చెయ్యి. అవి ఈ ఆఫీసు లోపలి నంబర్లు. చివరి గుంపు పద్నాలుగు.

"ఇదేంటి పిన్నీ, సర్వర్‌ని అడక్కుండా మనవాళ్ళలో ఎవరి సిస్టమ్‌నో అడుగుతోంది?"

ఆమె లేచి గుమ్మం దగ్గర్నుంచి స్టిక్కర్లు చదవడం మొదలుపెట్టింది. పదకొండు. పన్నెండు. పదమూడు ప్రింటరు. పద్నాలుగు ఉండాల్సిన చోట గురువు కూర్చున్నాడు, అతని ముందు ప్లాస్టిక్ ఒలవని కొత్త సిస్టమ్, దాని మీద ఏ స్టిక్కరూ లేదు. ఆ పక్కది పదిహేను.

అప్పుడు గుర్తొచ్చింది. గురువు పాత సిస్టమ్ మీద ఏడు నెలలుగా ఒక కాగితం అంటించి ఉండేది. "దీన్ని ఆపొద్దు." ఎందుకు ఆపకూడదో అడిగినవాళ్ళు లేరు. గురువు ఏదో పెద్ద పనే పెట్టి ఉంటాడనుకునేవాళ్ళు. సెలవుల్లో కూడా అది వెలుగుతూనే ఉండేది. ఊడ్చే ఆవిడ దాని తీగల్ని, పడుకున్న పసిబిడ్డని దాటినట్టు దాటేది.

"గురువుగారూ, మీ పాత సిస్టమ్ ఏది?"

అతను ఒక చెవిలోది తీశాడు. "శనివారం సాయంత్రం మార్చారుగా. కొట్లో పడేసి ఉంటారు. దేనికి?"

"దాన్ని ఆపొద్దని రాసుకున్నారు కదా, ఎందుకు?"

"ఎందుకంటే..." అని ఆగాడు. అతని మొహంలో వెతుకులాట కనిపించింది. నిజంగానే మర్చిపోయాడు. "ఏదో ఉండేదిలే అక్కా. పాత సంగతి."

ఆమె కొట్టు తలుపు తీసింది. రెండు పాత తెరలు, ఒక విరిగిన కుర్చీ, వాటి కింద పద్నాలుగు. స్టిక్కరు అంచు కూడా లేవలేదు. దాన్ని రెండు చేతులా ఎత్తుకుని, పొడుగాటి గది మధ్యలోంచి నడిచి, అద్దాల గదిలోకెళ్ళి మేనేజరు బల్ల మీద దించింది. దుమ్ము లేచి ఆయన దగ్గాడు. వెనకాలే డిజైను పిల్ల తీగలు పట్టుకొచ్చింది.

"ఏంటమ్మా ఇది?"

"రెండు నిమిషాలు సార్. మీ సిస్టమ్‌లో యాప్ తెరిచి ఉంచండి."

తీగలు తగిలించి బటన్ నొక్కింది. పద్నాలుగు గుర్రుమంటూ లేచింది. గొడవేంటోనని నలుగురైదుగురు అద్దం దగ్గర చేరారు. గురువు కూడా వచ్చాడు. దాన్ని బల్ల మీద చూడగానే అతని చెయ్యి నోటి మీదికి పోయింది. ఇప్పుడు గుర్తొచ్చినట్టుంది.

"మళ్ళీ లోడ్ చేయండి సార్."

చేశాడు. తెర మీద మోకాళ్ళు, భుజాలు, మడమలు టపటపా వచ్చి పడ్డాయి.

"అమ్మయ్య! దొరికాయి," అన్నాడు మేనేజరు.

"పోతేగా దొరకడానికి," అని ఆమె నెట్‌వర్క్ తీగ పీకింది. డిజైను పిల్ల బ్రౌజరు గుర్తుపెట్టుకున్న పాతవన్నీ తుడిచేసి మళ్ళీ లోడ్ చేసింది. తెర నిండా చినిగిన కాగితాలు. తీగ పెట్టింది, బొమ్మలు. పీకింది, కాగితాలు.

"ఇంకోసారి చూపించనా సార్?"

"వద్దమ్మా, అర్థమైంది," అన్నాడు గాని ఆయనకు అర్థం కాలేదు. గురువు వైపు చూశాడు.

గురువు పద్నాలుగు వైపు చూస్తూ అన్నాడు. "టెస్టింగ్ అప్పుడు సార్... బొమ్మలు మార్చి మార్చి చూడాల్సొచ్చేది. సర్వర్ నుంచి రావడానికి టైం పట్టేది. అందుకని బొమ్మలన్నీ నా సిస్టమ్‌లోకి కాపీ అయ్యేలా చేసి, యాప్ అక్కడి నుంచే తీసుకునేలా ఒక లైను పెట్టా. తాత్కాలికంగా."

"తాత్కాలికం మొదలై ఎన్నాళ్ళైంది?" అని అడిగింది ఆమె.

"ఏడు నెలలు."

"సార్, నేను పెట్టిన బొమ్మలు పెట్టినచోటే ఉన్నాయి. ఏడు నెలలుగా వాటిని ఎవరూ అడగలేదు. అందరూ వెళ్ళి గురువుగారి గుమ్మం తట్టారు. ఆ గుమ్మం ఆఫీసులో ఉన్నవాళ్ళకే అందుతుంది. బయట ఉన్న ముప్పైమందికి ఒక్క రోజు కూడా అందలేదు. మిగతావాళ్ళు తమ ఫోనుదే తప్పనుకుని ఊరుకుని ఉంటారు. ఆస్పత్రివాళ్ళు చూసి బాగుందన్నది కూడా ఈ గదిలో కూర్చునే." ఆమె నోటు పుస్తకం తెరిచి మంగళవారం దగ్గర వేలు పెట్టింది. "ఇది శనివారం కన్నా ముందు రాసింది."

గురువు అక్కడే, మేనేజరు సిస్టమ్ ముందు వంగి ఆ లైను మార్చాడు. నిమిషం పని. మార్పు ఎందుకు చేశారో రాయాల్సిన చోట "చిన్న సవరణ" అని కొట్టాడు.

"చిన్నదా?" అంది ఆమె వెనకనుంచి.

"అలాగే రాస్తామక్కా మామూలుగా."

"రేపు ఇంకెవరో వచ్చి ఇది చదువుతారు. వాళ్ళకి ఏం తెలుస్తుంది? ఏ లైను, ఎవరి సిస్టమ్, ఎప్పటినుంచి, అన్నీ రాయండి. నేను చెప్పనా, మీరే రాస్తారా?"

గురువు మొహం మాడ్చుకున్నాడు. అద్దం అవతల ఎవరో కిసుక్కుమన్నారు. అయినా "చిన్న సవరణ" చెరిపేసి మూడు లైన్లు రాశాడు. ఆమె చివరిదాకా చదివాకే పక్కకి జరిగింది. అప్పుడు పద్నాలుగు తీగ మళ్ళీ పీకి ఇంటికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, ఒకసారి యాప్ తెరవండి."

"మళ్ళీనా? ఆ చినిగిన... ఆగు. ఏదో వస్తోంది. ఎవరో లావుపాటావిడ కాలెత్తింది."

"ఆ, అదే."

"అంత ఎత్తు ఎత్తాలా? దానికి ఆపరేషన్ అయినట్టు లేదే!"

ఫోను స్పీకర్లో ఉంది. గదంతా నవ్వింది. మేనేజరు కూడా నవ్వి, కుర్చీలో వెనక్కి వాలి, "హమ్మయ్య, గండం గడిచింది. ఆ కాగితం ఇటివ్వండమ్మా, చింపేస్తాను," అని చెయ్యి చాపాడు.

ఆమె ఇవ్వలేదు. అందరూ ఎవరి సీట్లకి వాళ్ళు వెళ్ళేదాకా ఆగింది. గురువు మాత్రం పద్నాలుగు పక్కన నిలబడే ఉన్నాడు.

"పొద్దున ఆస్పత్రి మేడంతో ఫోన్లో ఏం చెప్పారు సార్?"

"ఏదో... మా ఫైళ్ళు చూసే ఆవిడ చేతుల్లో చిన్న పొరపాటు జరిగిందని..."

"నా పేరు చెప్పారా?"

"ఆవిడే అడిగారు. మీరు అక్కడ పనిచేసినవాళ్ళు కదా."

"మరి ఇప్పుడేం చెబుతారు?"

"సాంకేతిక లోపం, సరిచేశాం అందాం. ఎవరి పేరూ రాదు. అందరికీ మంచిది."

"పోయాయన్నప్పుడు నా పేరుంది. దొరికాయన్నప్పుడు ఎవరి పేరూ లేదా?"

"అబ్బ! ఎందుకమ్మా ఇంత పట్టుదల? పని అయిపోయిందిగా."

"మీ పని అయిపోయింది సార్. నాది అవలేదు. ఏ నోటితో పొద్దున చెప్పారో ఆ నోటితోనే నాలుగింటికి చెప్పాలి. లేదా నేనే చెబుతాను. ఆ తర్వాత నాకేం పని ఇవ్వాలో మీరు తీరిగ్గా ఆలోచించుకోండి."

మేనేజరు గురువు వైపు చూశాడు. గురువు కిటికీ వైపు చూశాడు.

నాలుగింటికి ఆస్పత్రి మేడం వచ్చింది. ఫిజియోథెరపీ విభాగానికి పెద్ద. జుట్టు బాగా నెరిసింది. గుమ్మంలోనే ఆమెను గుర్తుపట్టి, "నువ్వేనా? నువ్వు ఒక వస్తువు పోగొట్టావంటే నమ్మబుద్ధి కాలేదు," అంది. నమ్మలేదు అనలేదు, నమ్మబుద్ధి కాలేదు అంది. ఆ తేడా ఆమె చెవికి తగిలింది.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "మేడం, ఒక సాంకేతిక..."

ఆమె సంతకం లేని కాగితాన్ని బల్ల మీద పరిచింది. "మేడం, మీకివ్వాలని రాసిన కాగితం ఇది. నేను సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో సార్ చెబుతారు."

గురువు తలుపు దగ్గర నిలబడ్డాడు. మేనేజరు కాగితాన్ని చూస్తున్నాడు. చివరికి మాట్లాడింది గురువు. "ఆ లైను నాది మేడం. బొమ్మల అడ్రసు నా సిస్టమ్‌కి పెట్టి మర్చిపోయాను. ఈవిడ ఏదీ చెరపలేదు." అంతవరకే అన్నాడు. ఆమె వైపు చూడలేదు. సారీ చెప్పలేదు. ఆమె దానికోసం ఎదురుచూడనూ లేదు.

"పొద్దున నేను తప్పు చెప్పాను మేడం," అన్నాడు మేనేజరు, మింగలేక మింగుతూ.

మేడం తన ఫోన్లో యాప్ తెరిచి, వైఫై తీసేసి, నాలుగైదు బొమ్మలు చూసుకుంది. "బాగున్నాయి. ఇక మిగతా రోగులకీ ఇచ్చేయొచ్చు," అని లేచి, సంచి భుజాన వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళింది.

"మేడం," అని పిలిచింది ఆమె. "ఇంకొక్కటి. ఆస్పత్రిలో నా పాత సర్వీసు ఫైల్లో ఒక క్షమాపణ కాగితం ఉంది. వెన్నెముక ఫిల్ము పోగొట్టానని. ఆ ఫిల్ము సర్జను గారి కార్లో దొరికింది. తెచ్చిచ్చిన డ్రైవరు ఇంకా మీ దగ్గరే పనిచేస్తున్నాడు. దొరికిందని ఒక కాగితం రాయించి దాని పక్కన పెట్టించాలి."

మేడం నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేసింది. "ఇరవయ్యేళ్ళు దాటిందేమో కదమ్మా. ఇప్పుడు దాన్ని చూసేవాళ్ళెవరు?"

"నేను చూస్తున్నాను."

"సరే, అడుగుతాను. కానీ ఆ పాత ఫైళ్ళన్నీ ఎక్కడ పడేశారో ఏమో."

"పడేయలేదు మేడం, నేనే సర్దాను. రెండో అంతస్తు, మూడో గది. ఎడమ వైపు బీరువా, కింది నుంచి రెండో అర. ఆకుపచ్చ అట్ట," అంది ఆమె. చేతి సంచిలోంచి స్టిక్కర్ల కట్ట తీసి ఒకదాని మీద అదంతా రాసి, చించి, మేడం ఫోను వెనక అంటించింది.